మర్చిపోయానంటే లెక్కలేదని కాదు: ఇంట్లోవాళ్లకు ఇది ఎలా చెప్పాలి?

సగం చదివిన పుస్తకం
శుక్రవారం, రాత్రి 11:48

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. నాకు 36 ఏళ్లు. ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస, కుదురు నిలవని సమస్య, ఉందని నాలుగు నెలల క్రితం తేలింది.

పోయిన వారం నా భార్యకు కొన్ని రక్తపరీక్షలు చేశారు. ఆఫీసు నుంచి వస్తూ రిపోర్ట్ నేను తీసుకురావాలి. ల్యాబ్ నేను రోజూ వచ్చే దారిలోనే ఉంది. సోమవారం మర్చిపోయాను. మంగళవారం పొద్దున గడప దాటుతూ కూడా అనుకున్నాను. సాయంత్రం ల్యాబ్ ముందు నుంచే బండి పోనిచ్చాను, బోర్డు కళ్లారా చూశాను. కానీ ఆ బోర్డుకూ రిపోర్ట్‌కూ సంబంధం ఉందని బుర్రకు తట్టలేదు. ఇంటికొచ్చి బూట్లు విప్పుతుంటే గుండె జారిపోయింది. బుధ, గురువారాలు కూడా అంతే. ఇవాళ తనే వెళ్లి తెచ్చుకుంది.

రిపోర్ట్‌లో భయపడాల్సిందేమీ లేదు. తను అరవనూ లేదు. ఒకటే అడిగింది: "ఈ వారం ఆఫీసు మీటింగ్ ఒక్కటైనా మర్చిపోయావా?" లేదు, ఒక్కటీ మర్చిపోలేదు. "మరి నాదే ఎందుకు మర్చిపోయావు?"

నువ్వంటే లెక్కలేక కాదు అని చెప్పబోయాను. మాట నోట్లోనే ఆగిపోయింది. బయటి నుంచి చూస్తే అచ్చం లెక్కలేనట్టే ఉంది మరి. మీలో ఎవరైనా దీన్ని ఇంట్లో చెప్పగలిగారా, సాకులా వినబడకుండా?

వెన్నెల గది
శనివారం, ఉదయం 6:20

మీ ఇంట్లో వచ్చిన ప్రశ్నే మా ఇంట్లోనూ వచ్చింది, కాకపోతే అడిగింది మా ఆయన. చాలాకాలం నాకూ జవాబు తెలియలేదు.

ఆ మీటింగులు మీకెలా గుర్తొచ్చాయో ఒకసారి తిరిగి చూసుకోండి. పది నిమిషాల ముందు కంప్యూటర్ మోగి ఉంటుంది. పక్క సీట్లో వాళ్లు లేచి ఉంటారు. మీరు ఐదు నిమిషాలు ఆలస్యమైతే ఎవరో ఫోన్ చేసి ఉంటారు. అంటే గుర్తుపెట్టుకున్నది మీరు కాదు, ఆఫీసు. ఇంట్లో అలాంటి ఏర్పాటు ఏదీ ఉండదు. ఇంటి పనులన్నీ ఎవరో ఒకరి తలలోనే ఉండాలి.

మీకు జ్ఞాపకశక్తి లేదనుకోకండి. ఆ ఐదు రోజుల్లో ఎవరు ఎప్పుడు అడిగినా 'రిపోర్ట్ తేవాలి' అని ఠక్కున చెప్పేవారు. చేయాల్సిన పని చేయాల్సిన చోట, చేయాల్సిన వేళకు దానంతటది గుర్తుకు రావాలి చూడండి, మనకు అక్కడే తెగిపోతుంది.

నా సంగతి చెప్తాను. వాషింగ్ మెషీన్ అయిపోయిందని మోగుతుంది. వింటాను, నిజంగానే లేస్తాను. దారిలో టేబుల్ మీద గ్లాసు కనిపిస్తుంది. దాన్ని సింక్‌లో పెడదామని వెళ్తే కుళాయి కారుతూ ఉంటుంది. ప్లంబర్ నంబర్ కోసం ఫోన్ తీస్తే అందులో మా అబ్బాయి స్కూలు మెసేజ్. దానికి జవాబు రాస్తుంటే ఫీజు రసీదు వెతకాలని గుర్తొస్తుంది. రాత్రి పదకొండింటికి మెషీన్ మూత తీస్తే చెమ్మ వాసన గుప్పుమంటుంది. మళ్లీ తిప్పుతాను. అవే బట్టలు మూడుసార్లు ఉతికిన సందర్భాలున్నాయి. ఆ రోజంతా నేను ఒక్క క్షణం కూర్చోలేదు. కుళాయి మాత్రం ఇంకా కారుతూనే ఉంటుంది.

నాకు 39వ ఏట తెలిసింది. మా అబ్బాయిని డాక్టరుకు చూపిస్తే ఇంట్లో నింపుకు రమ్మని ప్రశ్నల కాగితాలిచ్చారు. మూడో ప్రశ్న దగ్గరే పెన్ను ఆగిపోయింది. వాడి గురించి రాస్తున్నానో, చిన్నప్పటి నన్ను గుర్తుచేసుకుని రాస్తున్నానో తెలియలేదు.

రెండో కుర్చీ
శనివారం, ఉదయం 9:05

నేను అవతలి వైపు మనిషిని. ఏడీహెచ్‌డీ మా ఆయనకి. పెళ్లయి 11 ఏళ్లు.

వెన్నెల గది గారు రాసింది నిజమే. కానీ సగం చదివిన పుస్తకం గారూ, దయచేసి ఆ వివరణతో మొదలుపెట్టకండి. ఆ నాలుగు రాత్రులూ మీ ఆవిడ రిపోర్ట్‌లో ఏముంటుందని ఊహించుకుందో మీకు తెలుసా? ముందు అది అడగండి. అడిగి, పూర్తిగా వినండి. మెదడు సంగతి రేపు చెప్పినా ఏం పోదు.

మాకు చెడింది మరుపు దగ్గర కాదు. బిల్లు కట్టారా, తలుపు తాళం వేశారా, మీ అమ్మగారికి ఫోన్ చేశారా అని రోజంతా అడిగే మనిషిని నేనయ్యాను. ఇంట్లో పెద్దవాళ్లం ఇద్దరం, అన్నీ గుర్తుంచుకునే తల మాత్రం ఒక్కటే. ఆయన 'ఒకసారి గుర్తుచేయొచ్చు కదా' అన్నప్పుడల్లా నాకు ఏడుపొచ్చేది. గుర్తుచేయడం కూడా ఒక పనే. ఎప్పుడు గుర్తుచేయాలో నేను గుర్తుపెట్టుకోవాలి కదా!

పోనీ గుర్తుచేస్తే మొహం ముడుచుకునేవారు. చిన్నప్పటి నుంచి ఇంట్లో, బడిలో అందరూ 'ఎన్నిసార్లు చెప్పాలి నీకు' అన్నారట. నేను మామూలుగా అడిగినా ఆయన చెవికి ఆ గొంతులే వినబడేవి. ఇది తెలియడానికి మాకు ఏడేళ్లు పట్టింది.

మీ ఆవిడ అరవలేదన్నారు. అరిచే ఓపిక కూడా అయిపోయిందేమో చూసుకోండి. ఇలా రాసినందుకు ఏమీ అనుకోకండి, ఆ స్థితిలో నేను చాలాకాలం ఉన్నాను.

నిజం మాట్లాడదాం
శనివారం, ఉదయం 10:31

ఎవర్నీ నొప్పించాలని కాదు, నా మనసులో ఉన్నది అడుగుతున్నాను. మతిమరుపు ఎవరికి లేదు? పని వాయిదా వేయని మనిషి ఎక్కడున్నాడు? ఫోన్లు వచ్చాక అందరి ధ్యాసా ఇలాగే తయారైంది. దీనికి ఒక జబ్బు పేరు పెడితే మనిషి ఇక ప్రయత్నం మానేస్తాడని నా భయం. మా తమ్ముడికీ ఇదే ఉందంటున్నారు. వాడి విషయంలో ఏం అనుకోవాలో నిజంగా తెలియడం లేదు.

నాడి చూసే మనిషి
శనివారం, మధ్యాహ్నం 1:15

నేను సైకియాట్రిస్టుని. ఇక్కడ ఎవరినీ పరీక్షించలేదు కాబట్టి ఇది వైద్య సలహా కాదు, సమాచారం.

పైన అడిగిన సందేహం న్యాయమైనదే. ఏడీహెచ్‌డీలో కనిపించే ప్రతి లక్షణమూ అందరిలోనూ అప్పుడప్పుడూ కనిపిస్తుంది. ఎంత తరచుగా, ఎన్నాళ్లుగా, ఎన్ని చోట్ల అన్నదాన్ని బట్టి తేడా తెలుస్తుంది. మానసిక సమస్యలను నిర్ధారించడానికి అమెరికా సైకియాట్రిస్టుల సంఘం వేసే పుస్తకం డీఎస్ఎం. 2013లో వచ్చిన దాని ఐదో కూర్పు (డీఎస్ఎం-5) ప్రకారం లక్షణాలు కనీసం 6 నెలలుగా ఉండాలి, వాటిలో కొన్ని 12 ఏళ్ల లోపే కనిపించి ఉండాలి, ఇల్లు, చదువు, ఉద్యోగం వంటి వాటిలో రెండు చోట్లయినా ఉండాలి, వాటివల్ల రోజువారీ జీవితం దెబ్బతింటూ ఉండాలి. పరధ్యానానికి తొమ్మిది, అతిచలనం (కుదురుగా ఉండలేకపోవడం)-తొందరపాటుకు తొమ్మిది లక్షణాలున్నాయి. 17 ఏళ్లు, ఆ పైబడిన వాళ్లకైతే ఏదో ఒక జాబితాలో కనీసం 5 ఉండాలి. మొన్న బిల్లు కట్టడం మర్చిపోయానంటే సరిపోదు.

ఫోన్లు ధ్యాసను లాగుతాయి, కాదనను. కానీ స్కాట్లండ్ వైద్యుడు అలెగ్జాండర్ క్రైటన్ ధ్యాస నిలవని మనుషుల గురించి 1798లోనే రాశాడు. లండన్‌లో జార్జ్ స్టిల్ 1902లో ఇలాంటి పిల్లల గురించి వరసగా ఉపన్యాసాలిచ్చాడు. కవలల మీద జరిగిన అధ్యయనాలను బట్టి, ఈ విషయంలో మనుషుల మధ్య ఉన్న తేడాల్లో 70 నుంచి 80 శాతం వంశపారంపర్యానిదే. వెన్నెల గది గారికి కొడుకు కాగితాల్లో తన బాల్యం కనిపించిందంటే నాకు ఆశ్చర్యం లేదు. మా దగ్గర ఇది తరచూ జరుగుతుంది.

అలాగని ప్రతి మరుపూ ఏడీహెచ్‌డీ కాదు. థైరాయిడ్ సమస్య, రక్తహీనత, నిద్రలో ఊపిరి ఆగడం, డిప్రెషన్, ఆందోళన కూడా పైకి ఇలాగే కనిపించవచ్చు. ముప్పై ఏళ్ల దాకా అన్నీ సవ్యంగా ఉండి హఠాత్తుగా మొదలైతే నేను ముందు వాటినే వెతుకుతాను.

ల్యాబ్ బోర్డు గురించి ఒక మాట. 'సాయంత్రం తేవాలి' అన్న సంకల్పానికి పట్టు తక్కువ. 'ల్యాబ్ ముందున్న సిగ్నల్ దగ్గర ఆగగానే బండి పక్కకు తీస్తాను' అని చోటునూ చేసే పనినీ ముడివేసి అనుకుంటే ఆ చోటే పనిని గుర్తుచేస్తుంది. మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్జర్ 1999లో దీని గురించి విపులంగా రాశారు. ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లకు ఇదొక్కటే చాలదు, కానీ పనికొస్తుంది.

నిజం మాట్లాడదాం
శనివారం, మధ్యాహ్నం 2:02

డాక్టర్ గారూ, ఓపిగ్గా చెప్పినందుకు కృతజ్ఞతలు. మా తమ్ముడు చిన్నప్పుడు బడి నుంచి వస్తే సంచీ ఒకరోజు, పెట్టె ఒకరోజు, ఒకసారి ఒక కాలి చెప్పు కూడా వదిలేసి వచ్చేవాడు. వాణ్ని వెనక్కి పంపి తెప్పించే పని నాది. పదేళ్ల లోపు సంగతి ఇది. వాడితో మాట్లాడతాను.

ఒక్క పేజీ
శనివారం, సాయంత్రం 5:40

నాకు 21. చదువుకుంటున్నాను. నాది మర్చిపోవడం కాదు, మొదలుపెట్టలేకపోవడం.

సాయంత్రం ఆరింటికి పుస్తకం తెరుస్తాను. పెన్ను చేతిలోనే ఉంటుంది. ఏం చదవాలో తెలుసు, చదవకపోతే ఏమవుతుందో ఇంకా బాగా తెలుసు. లోపల నా మీద నేనే కేకలేసుకుంటూ ఉంటాను, చెయ్యి కదలదు. పక్కనుంచి చూసేవాళ్లకు నేను కిటికీలోంచి చూస్తూ హాయిగా ఉన్నట్టే ఉంటుంది. ఐదు గంటలు అలా కూర్చుని లేచాక, చదివినవాళ్ల కంటే నేనే ఎక్కువ అలిసిపోతాను. పరీక్ష ముందు రాత్రి రెండింటికి మాత్రం ఎక్కడినుంచి వస్తుందో శక్తి, చకచకా అన్నీ అయిపోతాయి. అది చూసి ఇంట్లో "చేయగలవు, నీకు చేయాలని లేదంతే" అంటారు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

ఇంకొకటి, మధ్యాహ్నం మూడింటికి ఎక్కడికైనా వెళ్లాలంటే పొద్దున్నుంచీ ఏ పనీ చేతికి రాదు. మూడు ఎప్పుడవుతుందా అని కాచుకుని ఉండటమే. మీకెవరికైనా ఇలా ఉంటుందా?

మా రూమ్మేట్‌కు డాక్టర్ మాత్రలు రాశారు. ఒకటి వేసుకుని చూడమంటున్నాడు. వేసుకోవచ్చా?

నాడి చూసే మనిషి
శనివారం, సాయంత్రం 6:10

చివరిదానికి ముందు జవాబు: వేసుకోవద్దు. బీపీ, గుండె చరిత్ర, ఇప్పటికే వాడుతున్న మందులు చూడకుండా ఇవి మొదలుపెట్టకూడదు. ఏడీహెచ్‌డీకి వాడే మిథైల్‌ఫెనిడేట్ లాంటి మందులు గుండె వేగాన్ని, బీపీని పెంచగలవు, ఆకలినీ నిద్రనూ తగ్గించగలవు. మామూలు మాత్ర ప్రభావం సుమారు 4 గంటలు, నెమ్మదిగా విడుదలయ్యే రకాలు ఇంకా ఎక్కువసేపు పనిచేస్తాయి. ఆటమాక్సెటిన్ అనే ఇంకో మందు దారి వేరు, దాని గుణం తెలియడానికి వారాలు పడుతుంది. ఎవరికి ఏది, ఎంత అన్నది మనిషిని చూసి తేల్చాల్సిన విషయం. మందు సరిపోయినవాళ్లకు చాలా మేలు జరుగుతుంది, అందుకే సరైన దారిలో వెళ్లమంటున్నాను. మీ కాలేజీలో కౌన్సెలర్ ఉంటే అక్కడ మొదలుపెట్టండి.

చివరి రాత్రి పని జరగడం గురించి: మన మెదడులో పనిని మొదలుపెట్టించే వ్యవస్థకు డోపమిన్, నార్‌ఎపినెఫ్రిన్ అనే రసాయనాలు చాలా ముఖ్యం. ఏడీహెచ్‌డీలో పని ముఖ్యమైనదని తెలిసినంత మాత్రాన ఆ వ్యవస్థ కదలదు. గడువు నెత్తిమీదికి వచ్చినప్పుడో, పని మీద ఆసక్తి పుట్టినప్పుడో కదులుతుంది. ఇంట్లోవాళ్లకు 'చేయాలని లేదు' అనిపిస్తున్నది ఇదే.

వెన్నెల గది
శనివారం, రాత్రి 8:55

తమ్ముడూ, మూడింటి కోసం కాచుకుని కూర్చోవడం నాకు ఇవాళ్టికీ ఉంది. అందుకే కుదిరినంతవరకు అపాయింట్‌మెంట్లన్నీ పొద్దున్నే పెట్టించుకుంటాను.

మొదలుపెట్టడానికి నాకు పనిచేసింది ఒక మనిషి పక్కన ఉండటం. మా అక్కా నేనూ ఫోన్‌లో వీడియో కాల్ పెట్టుకుంటాం. తను తన పని చేసుకుంటుంది, నేను నా కాగితాలు చూసుకుంటాను. గంటలో నాలుగు మాటలు కూడా మాట్లాడుకోం. ఇంగ్లిష్‌లో దీన్ని బాడీ డబ్లింగ్ అంటారట. ఎందుకు పనిచేస్తుందో వివరించలేను. ఆ కాల్ లేని రోజు కవర్లు విప్పకుండా అలాగే పడి ఉంటాయి, కాల్ ఉన్న రోజు విప్పుతాను. మీ స్నేహితుల్లో ఎవరినైనా ఒక అరగంట అడిగి చూడు. అరగంటలో ఒక్క పేజీ అయినా చాలనుకో, నీ పేరే అది కదా.

పాత డైరీ
ఆదివారం, ఉదయం 5:12

నాకు 61 ఏళ్లు. రెండేళ్ల క్రితం, మనవరాలితో పాటు వెళ్తే నాకూ తేలింది.

నేను బడిలో ఉన్న రోజుల్లో దీన్ని పిల్లల అతిచలన సమస్యగానే చూసేవారు. డాక్టర్ గారు చెప్పిన డీఎస్ఎం 1968 నాటి కూర్పులో పేరే అలా ఉంది. 1980లో ధ్యాస లోపం అన్న మాట పేరులోకి వచ్చింది, ఏడీహెచ్‌డీ అన్న పేరు 1987లో. నేను అల్లరి చేయలేదు. కదలకుండా కూర్చుని పాఠం వినకుండా ఉండే పిల్లాణ్ని. అలాంటివాణ్ని ఎవరు పట్టుకుంటారు? నా ఆరో తరగతి ప్రోగ్రెస్ కార్డు ఇప్పటికీ ఉంది. "తెలివైనవాడు. నిర్లక్ష్యం ఎక్కువ" అని ఎర్ర సిరాతో రాసి ఉంటుంది. ఆ రెండో వాక్యాన్ని నేను యాభై ఏళ్లు నమ్మాను.

మా ఆవిడకు చెప్తే సంతోషిస్తుందనుకున్నాను. కారణం దొరికింది కదా అని. ఆవిడ మొహం పాలిపోయింది. "మరి ఇన్నేళ్లూ నేను పోట్లాడింది ఎవరితో?" అంది. రెండు రోజులు సరిగా మాట్లాడలేదు. ఆవిడ కోపం నా మీద కాదు, మా ఇద్దరికీ ముందే ఎవరూ చెప్పనందుకు. సగం చదివిన పుస్తకం గారూ, మీకు కారణం తెలిసి నాలుగు నెలలే అయింది. మీ ఆవిడకూ అంతే కదా. ఆమెకూ కొంత సమయం పడుతుంది.

మా ఇంట్లో వీధి తలుపుకు లోపలివైపు ఒక పలక వేలాడదీశాం. బయటికెళ్లేటప్పుడు గొళ్లెం తీయాలంటే ఆ పలకను చేత్తో పక్కకు జరపాలి. గోడ మీద రాసిపెట్టినవి వారం తిరిగేసరికి గోడలో కలిసిపోతాయి, కంటికి ఆనవు. చేతికి అడ్డం పడేది మాత్రం తప్పించుకోలేం.

సగం చదివిన పుస్తకం
ఆదివారం, రాత్రి 10:37

అన్నీ చదివాను. కొన్ని రెండుసార్లు చదివాను. రెండో కుర్చీ గారూ, మీరు చెప్పినట్టే ముందు అడిగాను.

మంగళవారం రాత్రి తనకు నిద్ర పట్టక హాల్లో కూర్చుందట. నేను లేచి మంచినీళ్లు తాగి, "ఇంకా పడుకోలేదా?" అని అడిగి మళ్లీ పడుకున్నానట. నాకు లీలగా గుర్తుంది. ఆ సమయంలో తను వాళ్ల పిన్ని జబ్బు గురించి ఆలోచిస్తోంది. పిన్నికి కూడా మొదట ఇలాంటి రక్తపరీక్షలే చేశారు. నేను రిపోర్ట్ ఒక కాగితం అనుకున్నాను. తనకు అది వేరే.

చాలాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను. తర్వాత క్షమాపణ అడిగాను. వెన్నెల గది గారు రాసిన ఆఫీసు మాట మాత్రం తనకే చదివి వినిపించాను. ఒప్పుకుందని చెప్పను. "అయితే ఇంటిని కూడా ఆఫీసులా పెట్టు. ఆ పెట్టే పని నాకు చెప్పకు" అంది.

మధ్యాహ్నమంతా అదే చేశాను. ఇంటికి ఒక క్యాలెండర్ పెట్టాను, తన పనులు మీటింగుల్లాగే అందులో ఎక్కించాను. ఫలానా చోటికి చేరగానే మోగే రిమైండర్ ఫోన్‌లో ఉంటుందని ఇన్నాళ్లూ నాకు తెలియదు. పాత డైరీ గారి పలక కూడా వస్తుంది, మేకు కొట్టాను.

రెండో కుర్చీ
సోమవారం, ఉదయం 8:50

ఆ హాలు సంగతి చదివి కాసేపు పని పక్కన పెట్టాను. మీరు అడిగినందుకు సంతోషం.

ముందే చెప్తున్నాను, అలారాలు రెండు మూడు వారాలకు పాతబడతాయి. మా ఆయన నిద్రలో నొక్కినట్టు మోగగానే నొక్కేసి మళ్లీ చేస్తున్న పనిలో పడిపోయేవారు. శబ్దం మారుస్తూ ఉండండి. మోగినప్పుడు వెంటనే చేయలేకపోతే ఆపేయకండి, పది నిమిషాలు వెనక్కి జరపండి. అలారాలు పాతబడ్డప్పుడు మీ ఆవిడ 'అనుకున్నదే' అనుకోకుండా, ఇలా జరుగుతుందని ఇప్పుడే చెప్పి ఉంచండి. మాకు ఆదివారం సాయంత్రం ఇరవై నిమిషాలు ఇద్దరం కూర్చుని వచ్చే వారం చూసుకునే అలవాటు ఉంది. పిలిచే బాధ్యత ఆయనది. ఆయన మర్చిపోయిన ఆదివారాలు నేను పిలవను. కష్టంగానే ఉంటుంది కానీ పిలవను.

ఒక్క పేజీ
సోమవారం, రాత్రి 11:20

వీడియో కాల్ పెట్టుకున్నాం. నాలుగు పేజీలు! కౌన్సెలర్‌తో గురువారం ఉదయం పదింటికి. మూడింటికి ఇస్తామన్నారు, నేనే మార్పించుకున్నాను.

సగం చదివిన పుస్తకం
రెండు వారాల తర్వాత, బుధవారం, రాత్రి 9:15

తర్వాత ఏమైందో మీకు చెప్పాలనిపించి రాస్తున్నాను.

సోమవారం తన రెండో రిపోర్ట్ వచ్చింది. ల్యాబ్ ముందు సిగ్నల్ దగ్గర జేబులో ఫోన్ మోగింది. బండి పక్కకు తీశాను, తెచ్చాను. తను కవరు తీసుకుని చదివి, సొరుగులో పెట్టింది. ఇద్దరం దాని గురించి ఏమీ మాట్లాడుకోలేదు.

నిన్న మాత్రం పాప స్కూలు ఫారం మీద సంతకం పెట్టడం మర్చిపోయాను. క్యాలెండర్‌లో ఎక్కించనేలేదు, పాప ఇచ్చినప్పుడు 'ఇప్పుడే పెట్టేస్తా' అనుకున్నాను. మధ్యాహ్నం గుర్తొచ్చింది. ఇంతకుముందైతే తనకు తెలిసేదాకా కడుపులో రాయి పెట్టుకుని తిరిగేవాణ్ని. ఈసారి వెంటనే ఫోన్ చేసి చెప్పాను, స్కూలుకు కూడా నేనే మాట్లాడానని చెప్పాను. "సరే" అంది. మామూలు సరే.

నిజం మాట్లాడదాం
బుధవారం, రాత్రి 9:40

బాగుందండీ. చోటికి చేరగానే మోగే ఆ రిమైండర్‌కు వేరే యాప్ కావాలా? మా తమ్ముడు అడగమన్నాడు.

సగం చదివిన పుస్తకం
బుధవారం, రాత్రి 9:44

నాకైతే ఫోన్‌తో వచ్చినదే సరిపోయింది. రిమైండర్ రాసేటప్పుడు సమయం బదులు చోటు ఎంచుకోమనండి, లొకేషన్ ఎప్పుడూ ఆన్‌లో ఉంచమనండి. ఆ చోటు చుట్టూ గీసే వలయం కాస్త పెద్దగా పెట్టుకోమని చెప్పండి. చిన్నగా పెడితే దాటేశాక మోగుతుంది.